అల్లిక తాడు కడుపులో ఏముంది?

(ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దు పక్కనున్న పర్లాకిమిడిలో చేతిపనులు నేర్చుకుంటున్న ఆడవాళ్ళ ముందు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డు విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మాటలు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే.

ఇది చూడండి. ఊలుతో అల్లిన తాడు. చిటికెన వేలంత లావు ఉంది. ముందు వరస నుంచి అలా అలా వెనక్కి పంపించండి, అందరూ ఒకసారి నొక్కి చూడండి. లోపల మెత్తగా, ఖాళీగా తగులుతోందా? పేనిన తాడైతే గట్టిగా ఉంటుంది. జడల్లే అల్లిన తాడైతే మూడు పాయలు చేతికి తెలుస్తాయి. ఇందులో పాయల్లేవు. ఇది గొట్టం. సన్నటి గొట్టం. ఈ ఒక్క సంగతి బుర్రలో పెట్టుకుంటే ఇవాళ నేను చెప్పబోయే సగం మీరే ఊహించేస్తారు. గొట్టమన్నాక లోపల ఏదో ఒకటి పెట్టొచ్చు. లోపల ఏం పెట్టామన్నదాన్ని బట్టే ఆ తాడు ఏ పనికొస్తుందో తేలుతుంది.

దీన్ని ఇంగ్లీషులో ఐ కార్డ్ అంటారు. మెడలో వేలాడేసుకునే ఐడీ కార్డు కాదమ్మా, నవ్వకండి. ఈడియట్ కార్డ్ అని మొరటు పేరు ఉండేది, మొద్దు కూడా అల్లేస్తాడని. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ అని అమెరికాలో స్థిరపడిన అల్లిక టీచరమ్మ దాన్ని కాస్త మర్యాదగా ఐ కార్డ్ అని కుదించింది. మనం అల్లిక తాడు అందాం. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పిన ఊరు ఇది, ఇక్కడ నిలబడి చేతిపనికి గ్రాంథికం పేర్లు వెతకడం బాగోదు.

ముందు అల్లడం. ఇది తొందరగా చెప్పేస్తాను, చాలామందికి స్వెట్టర్ అల్లడం వచ్చు కదా. రెండు వైపులా మొన ఉన్న సూదులు రెండు కావాలి. మామూలు 4 ప్లై, 8 ప్లై ఊలుకి 8 నంబరు సూది, అంటే 4 మిల్లీమీటర్లది. సన్నటి నూలు దారానికి 10 నంబరు, 3.25 మిల్లీమీటర్లది. మన కొట్లలో దొరికే సూదులకి నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది, మరిచిపోకండి. 4 కుట్లు వేసుకోండి. ఒక వరస అల్లండి. ఇప్పుడు ఏం చేస్తాం? అలవాటుగా సూది తిప్పేస్తాం. తిప్పకూడదు! తిప్పారా, బల్లపరుపు పట్టీ వస్తుంది, తాడు రాదు. కుట్లని సూది మీద అలాగే రెండో కొసకి జరపండి. దారం ఎడమ పక్క ఉండిపోయింది కదా, దాన్ని వెనకనుంచి కుడి పక్కకి తెచ్చి మొదటి కుట్టు గట్టిగా లాగి అల్లండి. మళ్ళీ జరపండి, మళ్ళీ అల్లండి. అంతే. అంతకుమించి ఏమీ లేదు.

మొదటి నాలుగైదు వరసలు చూస్తే తాడులా ఉండదు, చదునుగా ఉంటుంది. కంగారుపడి విప్పేయకండి. కింద తోక పట్టుకుని ఒక్క గుంజు గుంజండి, మూసుకుంటుంది. వెనకాల నిచ్చెన మెట్లలాగా దారాలు కనిపిస్తున్నాయా? అంటే రెండింటిలో ఒకటి. మొదటి కుట్టు వదులుగా అల్లుతున్నారు, లేదా కుట్లు ఎక్కువ వేశారు. 3, 4, 5 కుట్లు బాగా మూసుకుంటాయి. 6 దాటితే ఆ సందు ఎంత గుంజినా పూడదు. దారం వెనకనుంచి కాకుండా ముందునుంచి తెచ్చినా మూసుకోదు.

సూదులు రాని పిల్లలకి గొట్టం పద్ధతి ఉంది. ముప్పావు అంగుళం పీవీసీ పైపు ఒక బెత్తెడు ముక్క తీసుకోండి, ఐస్‌క్రీం పుల్లలు నాలుగు సమానమైన ఎడంలో నిలబెట్టి టేపు చుట్టండి. పుల్లలు పైకి ఒకటిన్నర సెంటీమీటరు కనిపించాలి. వెదురుబొంగు ముక్కకి మేకులు కొట్టాలని చూస్తారు కొంతమంది. వెదురు నిలువునా చీలిపోతుంది. పుల్లలే నయం. దారం కొస పైపులోంచి కిందికి వదలండి, ఒక్కో పుల్లకి ఒక్కో చుట్టు వెయ్యండి. రెండో రౌండులో దారాన్ని పుల్ల బయట పక్కన, పాత చుట్టుకి పైన ఆనించి, పాత చుట్టుని మొద్దు సూదితో ఎత్తి ఈ దారం మీదుగా, పుల్ల తల మీదుగా లోపలికి దాటించాలి. పుల్ల తరవాత పుల్ల, అలా తిరుగుతూనే ఉండాలి. రెండు రౌండ్లకోసారి కింద తోక గుంజాలి. చుట్టు బిగించి వేస్తే మళ్ళీ ఎత్తడానికి రాదు, పిల్లలు విసిగిపోయి వదిలేసేది అక్కడే. వదులుగా వెయ్యమని చెప్పండి, గట్టిగా వెయ్యమని ఎప్పుడూ చెప్పకండి.

చేత్తో తిప్పే చిన్న మర కూడా దొరుకుతోంది, నాలుగు కొక్కేలది. ఒక తిప్పుకి ఒక వరస అల్లేస్తుంది. హాయి. కానీ దానికి మూడు నియమాలు. దారం సన్నగా ఉండాలి, లావు ఊలు వేస్తే కొక్కెం మూత పడక ఇరుక్కుంటుంది. కింద బరువు వేలాడుతూ ఉండాలి, అది లేకపోతే పాత చుట్టు జారదు. వెనక్కి తిప్పకూడదు, తిప్పితే కుట్లు ఊడిపోతాయి. మొదలుపెట్టేటప్పుడు మొదటి రౌండులో ఒక కొక్కేనికి దారం అందించి, ఒకటి వదిలి, ఒకటి అందించి, ఒకటి వదలాలి. రెండో రౌండు నుంచి నాలుగింటికీ.

ఊలు ఎంత పడుతుంది? అందరూ అడిగే ప్రశ్న ఇది. 4 కుట్ల తాడుకి, 8 నంబరు సూది మీద, తాడు పొడుగుకి సుమారు 15 నుంచి 18 రెట్లు దారం పోతుంది. అంటే మీటరు తాడుకి ఇంచుమించు 16, 17 మీటర్ల ఊలు. కుట్లు లెక్కేస్తే మీటరుకి 1,100 దాకా వస్తాయి. చాలా పని అన్నమాట! అందుకే ముందు లెక్క, తరవాత అల్లిక. నా లెక్క కూడా నమ్మకండి, ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా బిగిస్తుంది. 10 సెంటీమీటర్లు అల్లండి, విప్పండి, ఆ దారం కొలవండి. అదే మీ లెక్క. ఉండ మీద చీటీలో ఎన్ని మీటర్లో రాసి ఉంటుంది, భాగించుకోండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. ఈ గొట్టం కడుపులో ఏం పెడదాం?

తీగ పెడితే అక్షరం

తీగ పెడితే తాడు నిలబడుతుంది. ఎలా వంచితే అలా ఉంటుంది. ఇంగ్లీషు పేర్లు ఇలా చేసి గోడకి తగిలించడం చాలా చోట్ల చూసి ఉంటారు. కానీ ఒక్కసారి ఆలోచించండి, గుండ్రటి తాడుకి ఏ లిపి నప్పుతుంది? మూలలున్న లిపా, మెలికలున్న లిపా? మనకున్నవి రెండూ గుండ్రటి లిపులే, తెలుగూ, ఒడియా. తాటాకు మీద గంటంతో తిన్నగా గీత గీస్తే ఆకు చీలిపోతుందని అక్షరాలు గుండ్రంగా తిరిగాయంటారు. గంటానికి నప్పింది తాడుకీ నప్పుతుంది. అ, ఆ, ఇ, ల, ఇవి ఒకే తీగతో, చెయ్యి ఎత్తకుండా రాసినట్టే వచ్చేస్తాయి. సున్నా అయితే చెప్పక్కర్లేదు. ఒడియా ఠ కూడా అచ్చం మన సున్నాయే, ఒకటి చేస్తే రెండు భాషలకీ సరిపోతుంది!

తీగ ఏది? ఇక్కడే ఎక్కువమంది దెబ్బతినేది. మేస్త్రీలు ఊచలు కట్టే బైండింగ్ వైరు చవకగా దొరుకుతుంది, వంగుతుంది కూడా. కానీ తుప్పు. మన వానాకాలం తేమ తెలుసు కదా, బరంపురం, గోపాలపురం వైపు సముద్రపు గాలి మరీనూ. తెల్ల ఊలు మీద గోధుమరంగు మచ్చ పైకి తేలుతుంది, ఉతికినా పోదు. జింకు పూత ఉన్న జీఐ తీగ వాడండి, లేదా అల్యూమినియం తీగ. అక్షరం 10 సెంటీమీటర్ల ఎత్తు లోపల ఉంటే 18 గేజి, అంటే ఇంచుమించు 1.2 మిల్లీమీటర్ల జీఐ తీగ చాలు. 15 సెంటీమీటర్ల అక్షరానికి 16 గేజి. అల్యూమినియం మెత్తన, దానికి 2 మిల్లీమీటర్లు ఉండాల్సిందే. కరెంటు వైరు వాడొచ్చా అని అడుగుతారు. వాడొచ్చు, పైన ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కాబట్టి తుప్పు బాధ లేదు. కానీ లోపల ఒకే తీగ ఉండాలి. వెంట్రుకల్లాంటి తీగలు గుత్తిగా ఉన్న వైరు వంచితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. కొనే ముందు కొస చూడండి.

పద్ధతి చెప్తాను. కాయితం మీద అక్షరం అసలు సైజులో పెద్దగా రాయండి. అచ్చు అక్షరంలా కాదు, మీరు చేత్తో ఎలా రాస్తారో అలా. దాని మీద దారం పరిచి పొడుగు కొలవండి. అంత పొడుగు తాడు అల్లండి. తీగ దానికన్నా 4 సెంటీమీటర్లు ఎక్కువ కత్తిరించండి. కటింగ్ ప్లేయరుతో తీగ కొసని ఒక సెంటీమీటరు వెనక్కి మడిచి నొక్కి, సెలో టేపు ఒక చుట్టు చుట్టండి. ఈ మడత వెయ్యకపోతే ఏమవుతుంది? కొస ప్రతి కుట్టులోంచీ బయటికి పొడుచుకొస్తుంది, దారం చీలుస్తుంది. మడిచాక నెమ్మదిగా తాడు లోపలికి దూర్చండి. తీగని తోయడం కాదు, తాడుని తీగ మీదికి పాకించాలి, లంగా బొందు ఎక్కించినట్టు. మొత్తం ఎక్కేదాకా ఎక్కడా వంచకండి. ఒక చోట వంచారంటే అక్కడితో ఆగిపోతుంది. ఎక్కాక రెండో కొస కూడా మడిచి, టేపు చుట్టి, తాడు మూతి కుట్టేయండి.

ఇప్పుడు కాయితం మీద పెట్టి వంచండి. అక్షరం మొదలైన చోటునుంచి, రాసే వరసలోనే. తీగ కాస్త వెనక్కి లేస్తుంది కాబట్టి గీతకన్నా ఇంచుక ఎక్కువే వంచండి. చిన్న మెలిక దగ్గర జాగ్రత్త. మెలిక లోపల కనీసం తాడు లావంత ఖాళీ మిగలాలి. అంతకన్నా చిన్నది చేస్తే లోపలి పక్క ఊలు కుచ్చులా పోగైపోతుంది, అక్షరం చదవడానికి రాదు. అందుకే లావు తాడుతో చిన్న అక్షరాలు చెయ్యాలనుకోవద్దు. సైజు తగ్గాలంటే తాడు సన్నబడాలి.

తెలుగులో అసలు చిక్కు ఎక్కడుందో చెప్పనా? తలకట్టు, ఒత్తు. ఇంగ్లీషులో పేరంతా ఒకే తీగతో గొలుసుకట్టుగా లాగేస్తారు. మనకి అలా కుదరదు. మ రాస్తే తలకట్టు వేరే ముక్క. అమ్మ అని రాస్తే కింద మ ఒత్తు ఇంకో ముక్క. స్వాగతం అంటే ఇక ముక్కలే ముక్కలు. తలకట్టు ఒంటిని తాకుతుంది కాబట్టి అదే రంగు దారంతో మూడు నాలుగు కుట్లు వేస్తే సరిపోతుంది. ఒత్తు అలా కాదు, కొన్నిసార్లు పైఅక్షరానికి ఎడంగా గాలిలో ఉంటుంది. దాన్ని దేనికి కట్టాలి? కొంతమంది అక్షరాలన్నింటికీ పైన ఒక పొడుగు తాడు పెట్టి దానికి వేలాడేస్తారు. చూస్తే ఏమనిపిస్తుంది? హిందీలా ఉంటుంది. మన అక్షరాలకి పైగీత వద్దు. దానికన్నా చేట మంచిది. వెదురు చేటకి రంగు వేసి, ఆరాక అక్షరాలు, ఒత్తులు దాని మీదే పేర్చి, వెనకనుంచి దబ్బనంతో దారం తీసి కుట్టేయండి. ఏ ముక్క ఎక్కడ ఉండాలో అక్కడే ఉంటుంది. ఎంబ్రాయిడరీ ఫ్రేములో బిగించిన గుడ్డైనా సరే. గ్లూ గన్‌తో అంటించడం తేలిక, కానీ ఊలు పైపొర అంటుకుని లోపల తాడు కదులుతూనే ఉంటుంది, నాలుగు నెలలకి ఊడొస్తుంది. కుట్టుకి సాటి లేదు.

ఒడియా అక్షరాలు చేసేవాళ్ళకి ఒక మాట. చాలా అక్షరాలకి పైన గొడుగులాంటి వంపు ఉమ్మడి. తేడా అంతా కింద చిన్న భాగంలో ఉంటుంది. అందుకని గొడుగు ఎంత అందంగా వంచినా, కింద ఆ చిన్న మలుపు తప్పితే ఇంకో అక్షరం అయిపోతుంది. వంచడం కిందనుంచి మొదలుపెట్టండి. గొడుగులో ఒక సెంటీమీటరు అటూఇటూ అయినా సర్దుకుంటుంది.

ఏమీ పెట్టకపోతే ముగ్గు

ఏమీ పెట్టని ఖాళీ తాడు గుడ్డ మీద పరిచి కుట్టడానికి శ్రేష్ఠం. మెత్తగా ఉంటుంది, ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. మరి ఏ డిజైను? పువ్వులు, సీతాకోకచిలుకలు అందరూ చేస్తారు. మన గుమ్మం ముందు పొద్దున్నే ఏముంటుంది? మెలికల ముగ్గు! చుక్కల చుట్టూ తిరిగే గీత. తాడు కూడా గీతే కదా. పిండి ముగ్గు సాయంత్రానికి చెరిగిపోతుంది, తాడు ముగ్గు గోడ మీద ఉండిపోతుంది. మార్గశిర గురువారాలకి లక్ష్మీపూజ పీట వెనక వేలాడేసే గుడ్డగా ఇది చాలా బాగుంటుంది, ఒడియా ఇళ్ళలోనూ మన ఇళ్ళలోనూ.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, ముగ్గు వేసేవాళ్ళకి చేతికి తెలుసు, నోటితో చెప్పరు. మధ్యలో ఎక్కడా గీత కట్టెయ్యకుండా ఏటవాలుగా తిరిగే మామూలు మెలిక ముగ్గు తీసుకోండి. 4 చుక్కలు 4 వరసలు పెడితే ఒకే గీతతో పూర్తి కాదు, 4 విడి గీతలు పడతాయి. అదే 4 చుక్కలు 5 వరసలు పెట్టండి, ఒకే గీతతో మొదలైన చోటికే తిరిగొస్తుంది. ఎందుకు? రెండు అంకెల్నీ నిశ్శేషంగా భాగించే పెద్ద అంకె ఎంతో, గీతలు అన్ని పడతాయి. 4కి 5కి ఉమ్మడిగా భాగించేది 1 ఒక్కటే. 4కి 6కి అయితే 2, కాబట్టి రెండు తాళ్ళు, రెండు రంగులు వాడుకోవచ్చు. 3కి 6కి? చెప్పండి... 3, అవును. పిల్లలు బళ్ళో గసాభా నేర్చుకుంటారు కదా, అదే ఇది. ఇక తాడు ఎన్ని ముక్కలు అల్లాలో మొదలెట్టకముందే తెలిసిపోయింది.

పొడుగు కూడా ముందే తెలుస్తుంది. చుక్కకీ చుక్కకీ ఎడం 3 సెంటీమీటర్లు అనుకోండి, ఒక్కో చుక్కకి సుమారు 8.5 సెంటీమీటర్ల తాడు పడుతుంది. 20 చుక్కలకి 170 సెంటీమీటర్లు. అంచుల్లో మలుపులకి, ముడికి కలిపి 2 మీటర్లు అల్లుకోండి. తాడు లావు 5 మిల్లీమీటర్లకి మించకూడదు. 3 కుట్లు, 10 నంబరు సూది, నూలు దారం. లావు తాడుతో చేస్తే చుక్కలకి చోటు ఉండదు, చాపలా అయిపోతుంది.

గుడ్డ మందంగా ఉండాలి, కేస్‌మెంట్ గానీ ఖద్దరు గానీ. సుద్దతో చుక్కలు, గీత గీసుకోండి. తాడుని పరుస్తూ ఉంటే మీ చెయ్యి తెలియకుండానే దాన్ని లాగుతుంది. లాక్కుండా పరవాలి. లాగి కుడితే రెండు రోజులకి తాడు తన అసలు పొడుగుకి ముడుచుకుంటుంది, గుడ్డ మొత్తం ముడతలు పడుతుంది. ఇస్త్రీ చేస్తే పోతుందనుకుంటారు, పోదు. కుట్టేటప్పుడు గుడ్డ కిందనుంచి సూది పైకి తీసి, తాడు అడుగు భాగంలో ఒక్క దారం మాత్రం పట్టుకుని మళ్ళీ కిందికి దించండి. సెంటీమీటరుకి ఒక కుట్టు. పైనుంచి చూస్తే కుట్టు కనిపించకూడదు.

గీతలు దాటే చోట ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి పోవాలి. మనం చేసే 4, 5 ముగ్గులో తాడు తనని తాను 31 చోట్ల దాటుతుంది. భయపడకండి. పైన, కింద, పైన, కింద అని వరస తప్పకుండా పోతే చివరిదాకా సరిగ్గా కుదురుతుంది, ఎక్కడా రెండూ పైన పడవు. పడ్డాయంటే మధ్యలో ఎక్కడో ఒక చోట లెక్క తప్పారు, వెనక్కి వెళ్ళి వెతుక్కోవాలి. మొదటిసారి తాడు వెళ్ళేటప్పుడు, ఎక్కడ ఇంకో తాడు దీని కిందనుంచి రావాలో అక్కడ 2 సెంటీమీటర్లు కుట్టకుండా వదలండి. గుండుసూది గుచ్చి ఉంచండి. తరవాత దాని కిందనుంచి తాడు దూర్చుకుని అప్పుడు కుట్టండి. మొదలు, చివర రెండు కొసలూ కలిసే చోటు కూడా ఇలాంటి దాటే చోట, పైతాడు కింద పెట్టుకోండి. అతుకు ఎవరికీ కనిపించదు. చుక్కల దగ్గర పూసలు. మన ఊరి కొమ్ము పనివాళ్ళ దగ్గర చిన్న నల్ల పూసలు చేయించుకోగలిగితే ఇంకా అందం.

ఒక హెచ్చరిక. బరంపురం పట్టుచీర అంచులో కుంభం ఉంటుంది చూడండి, గుడి గోపురంలా మొనదేలి. అది తాడుతో చెయ్యాలని చాలామందికి సరదా. తాడు మొనదేలదు. గుండ్రంగా మలుగుతుంది. కుంభం కావాలంటే మొన దగ్గర తాడుని పూర్తిగా మడిచి, మడత లోపలి పక్క నాలుగు కుట్లు బిగించి, అప్పుడు కిందికి తిప్పాలి. ప్రతి మొనకీ ఇదే పని. ఓపిక ఉంటేనే మొదలుపెట్టండి.

చుట్టలు, సంచులు

వేడి గిన్నె కింద పెట్టే చుట్టలు, టీ గ్లాసు కింద పెట్టేవి. వీటికి ఆక్రిలిక్ ఊలు వాడొద్దు. వాడొద్దు అంటే వాడొద్దు. పొయ్యి మీంచి దించిన గిన్నె పెడితే కరిగి గిన్నెకి అంటుకుంటుంది. నూలు దారమే. కావాలంటే కడుపులో నూలు తాడు పెట్టండి, మందంగా వస్తుంది. కొబ్బరి తాడు పెడితే పీచు కుట్ల సందుల్లోంచి బయటికొచ్చి గుచ్చుకుంటుంది. తాడు లోపల పెట్టాలంటే అల్లాక దూర్చడం కష్టం, అల్లుతూనే పెట్టాలి. పైపు పద్ధతిలో అయితే తాడుని పైపు బొక్కలోకి వదిలి చుట్టూ అల్లుకుపోవడమే. సూదుల మీద అయితే తాడుని అల్లిక వెనక పెట్టి, దారం ఆ తాడుకి కూడా వెనకనుంచి తేవాలి.

ఎంత తాడు కావాలి? 8 మిల్లీమీటర్ల లావు తాడుతో 10 సెంటీమీటర్ల చుట్టకి ఒక మీటరు. 20 సెంటీమీటర్లకి? రెండు మీటర్లు అంటున్నారు. కాదు, 4 మీటర్లు. వెడల్పు రెట్టింపైతే తాడు నాలుగు రెట్లు. 60 సెంటీమీటర్ల పీట పరుపు చెయ్యాలంటే 35 మీటర్లు, అంటే 550 మీటర్లకి పైన దారం. అందుకే గ్లాసు కింద చుట్టలు ఆరు చేసి అమ్ముకోవడం మేలు, పీట పరుపు మీద మోజు పెళ్ళిపీటల దాకా వాయిదా వేసుకోండి.

చుట్ట కుట్టేటప్పుడు ఒడిలో పెట్టుకోకండి, బల్ల మీద పెట్టండి. ఒడిలో పెట్టుకుంటే ఎలాగూ వంకర పోతుంది. తాడుని లాగి కుడితే అంచు పైకి లేచి గిన్నె అవుతుంది, ఎక్కువ వదిలితే అంచు అప్పడంలా అలలు తిరుగుతుంది. లేచిందని ఇస్త్రీపెట్టె అందుకోకండి, ఎక్కడ లేవడం మొదలైందో అక్కడిదాకా విప్పడం ఒక్కటే దారి. బుట్ట కావాలనుకునేవాళ్ళకి అదే తప్పు వరం, అడుగు అయ్యాక కావాలనే లాగి కుట్టుకుంటూ పోతే గోడ లేస్తుంది. చివరి 3 సెంటీమీటర్లలో 4 కుట్లని 3కి, 2కి, 1కి తగ్గించుకుంటూ వస్తే తోక సన్నబడి అంచులో కలిసిపోతుంది.

సంచి బొందులకి, జాకెట్టు వెనక తాళ్ళకి 3 కుట్ల తాడు చాలు. పట్టు దారంతో అల్లితే ముడి జారుతుంది, నూలైతే నిలుస్తుంది. ఎర్రది, మెరూను రంగుది ఏదైనా తెల్ల గుడ్డకి వేసేముందు తడి తెల్ల గుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. రంగు దిగితే ఆ దారాన్ని ముదురు గుడ్డకే వాడండి.

సంచి చేతులకి మాత్రం ఖాళీ తాడు వెయ్యకండి. అల్లిక సాగుతుంది, అది దాని గుణం. కూరగాయలు వేసి నాలుగు రోజులు మోస్తే భుజం మీది సంచి మోకాలి దాకా వస్తుంది. కడుపులో నూలు నాడా పెట్టండి, సెంటీమీటరు వెడల్పుది. నాడా పొడుగు లాగని తాడు పొడుగంతే ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. ఎక్కువ ఉంటే బరువు ముందు తాడు మీద పడుతుంది, అది సాగాక గానీ నాడా మీదికి రాదు. సంచికి కుట్టాల్సింది నాడాని. తాడు ఒట్టి చొక్కా. రెండు కిలోల బియ్యం వేసి ఒక రాత్రి కొక్కేనికి తగిలించి పొద్దున్న కొలవండి. పొడుగు మారకపోతే అమ్మండి.

ఆ చివరనుంచి అప్పగారు ఏదో అడుగుతున్నారు. గట్టిగా చెప్పండమ్మా. పొడుగ్గా అల్లిన తాడుని మధ్యలో కత్తిరించొచ్చా, ఊడిపోదా అంటున్నారు. మంచి ప్రశ్న, మరలో 20 మీటర్లు అల్లుకుని ముక్కలు చేసుకునేవాళ్ళందరికీ కావాల్సింది. కత్తిరించొచ్చు. తాడుని దగ్గరగా పెట్టి చూడండి, ప్రతి కుట్టూ నిలబెట్టిన పడవలా, పైన విచ్చుకుని కింద మొనదేలి ఉంటుంది. విచ్చుకున్న వైపు అల్లిక ముగిసిన కొస. ఊడేది ఆ కొసే, లాగితే జరజర ఊడిపోతుంది. మొన ఉన్న వైపు మొదలెట్టిన కొస, అది అంత సులువుగా ఊడదు. కాబట్టి కావాల్సిన దానికన్నా 2 సెంటీమీటర్లు ఎక్కువగా కత్తిరించి, విచ్చుకున్న వైపు ఆ 2 సెంటీమీటర్లు మీరే ఊడదియ్యండి. నాలుగు ఉచ్చులు శుభ్రంగా బయటపడతాయి, పక్కనే ఒక బెత్తెడుకి పైన దారం కూడా ఉంటుంది. ఆ దారాన్నే మొద్దు సూదికి ఎక్కించి నాలుగు ఉచ్చుల్లోంచీ తీసి బిగించి, కొసని తాడు కడుపులోకి మూడు సెంటీమీటర్లు దించి కత్తిరించండి. రెండో వైపుకి అదే రంగు దారంతో చుట్టూ నాలుగు కుట్లు చాలు. ఆక్రిలిక్ కదా అని అగ్గిపుల్లతో కాల్చి అతికించేవాళ్ళున్నారు. ఆ కొస గట్టిగా నల్లగా అయి జాకెట్టు తాడుకైతే వీపంతా గీరుతుంది.

సరేనమ్మా, సూదులు తెచ్చుకున్నవాళ్ళు ఈ పక్కకి రండి, పైపు ముక్కలు, పుల్లలు అటు బల్ల మీద ఉన్నాయి. నాలుగు కుట్లు వేసుకోండి. సూది తిప్పకండి.